ఇంజన్ బంద్ చేసి గట్టు దిగుడు

మైలేజ్ అన్న మాట చెవిల పడితె నాకు ఇప్పటికీ ఆడికెల్లి లేసి పోవాలనిపిస్తది. బండి కొననీకి పోయిన ప్రతోడు ముందుగాల అదే అడుగుతడు, ఎంత ఇస్తది, ఎంత ఇస్తది అని. పాడి బర్రెను బేరం చేసినట్టు. మా కాలంల ఆ మాట లేకుండె, ఆవరేజ్ అంటుండ్రి. ఆ ఆవరేజ్ మా ఇంట్ల ఇంకో మనిషి లెక్క ఉండె. దానికి బాగుంటె మేము బాగుంటుంటిమి. దానికి జర ఒంట్ల బాగలేకుంటె మాకు అన్నం సయించకపోతుండె.

మాది బీదరే. తాతల కాలం నుంచి ఈడోళ్ళమే. ఇంట్ల తెలుగు, బజార్ల ఉర్దూ, కచేరిల కన్నడ, ఆదివారం చర్చిల మళ్ళ తెలుగు. మైసూరు స్టేట్ అనే పేరు పోయి కర్ణాటక అని వచ్చిన కొత్తల మా ఆయన మా ఊరి ధాన్యం బజారు, గాంధీ గంజ్ల ఒక పప్పుల సేట్ దగ్గర బండి నడుపుతుండె. అదే సేట్ దుకాణం ఎనక రేకుల షెడ్డుల నేను కందిపప్పు చెరుగుతుంటి. పొద్దంతా దుమ్ము, పొట్టు. సాయంత్రం ఇంటికొస్తె నా చీరకు పొట్టు, ఆయన అంగికి డీజిల్. సోడా ఏసి నానబెట్టినా ఆ వాసన పోకపోతుండె. ఆదివారం ఇస్త్రీ అంగి ఏసుకొని చర్చిల కూసున్నా, పక్కనోళ్ళు జర జరిగి కూసుంటుండ్రి.

ఆ బండి ముందు పెట్రోల్ బండి. మూతి జీపుది, ఎనక డబ్బా పికప్‌ది. పెట్రోల్ ధర మండిపోయిన ఏడు సేట్ నెత్తి కొట్టుకొని, దాన్ని హైదరాబాద్ తీస్కపోయి ఆ ఇంజన్ తీపిచ్చి డీజిల్ ఇంజన్ ఎక్కిచ్చిండు. గంజ్ల అప్పుడు అందరు అదే పని చేస్తుండ్రి. ఇంజన్ మారంగనే సేట్‌కు ఆశ పుట్టింది. డీజిల్ బండి అంటె గాలి పీల్చి నడుస్తదనుకున్నడో ఏమో, ప్రతి ట్రిప్పుకు ఆవరేజ్ అడుగుడు మొదలుపెట్టిండు. మీటర్ ఎప్పుడో చచ్చిపోయింది. రోడ్డు పక్కన రాళ్ళు చూసుకునుడు, టాంకి నిండ పోసుకునుడు, వచ్చినంక మళ్ళ నిండ పోసి ఎంత పట్టిందో చూసుడు, అదే లెక్క.

మా ఆయనకు ఆ విద్య బాగ పట్టుబడింది. నిజం చెప్పాలె, మొదట్ల ఆయనకు అదంటె ఇష్టమే. ఎక్సలేటర్ మీద కాలు ఎట్ల పెట్టాల్నో నాకు పీట మీద కూసుండి చూపిస్తుండె. పండుకున్న పసిపిల్లను తట్టినట్టు తట్టాలె అంటుండె, తన్నొద్దు అంటుండె. పొగ నల్లగ వచ్చిందంటె డీజిల్ కాలుతలేదు, ఉత్తగ పోతుంది అంటుండె. టైర్ల గాలి పొద్దుగాల చూస్తుండె. లోడు మీద కప్పే తాటిపత్రి వదులుగ ఉండి గాలికి కొట్టుకుంటె, అది కూడా డీజిల్ తింటది అని దిగి మళ్ళ గుంజి కడుతుండె. నాకు తాటిపత్రి డీజిల్ తినుడు ఏందో అర్థం కాకపోతుండె. నవ్వితె కోపం. "నీకేం తెలుసే, చాట పట్టుకున్నంత సుళువు అనుకున్నవా?" అంటుండె. చాట పట్టుకునుడు సుళువట! ఒకపూట పట్టి చూడు, నీ భుజాలు చెప్తయి అంటుంటి నేను.

అన్నిటికన్న పెద్ద విద్య ఇంకోటి ఉండె. బీదర్ ఊరు గట్టు మీద ఉంటది. ఎటు పోయినా దిగాల్సిందే, ఎటు నుంచి వచ్చినా ఎక్కాల్సిందే. ఎర్రమట్టి అయిపోయి నల్లరేగడి మొదలైన కాడ దిగుడు అయిపోతది. ఆ దిగుట్ల ఏ డ్రైవరు ఇంజన్ నడపకపోతుండె. గట్టు నెత్తి మీదికి రాంగనే గేరు తీసి, స్టాపర్ గుంజి, ఇంజన్ బంద్. ఇగ బండి తనంతట తాను కిందికి దొర్లుకుంటు పోతది. చుక్క డీజిల్ ఖర్చు కాదు. అడుగుకు పోయినంక గేరు ఏసి క్లచ్ ఇడిస్తె ఒక్క ఎగురు ఎగిరి ఇంజన్ మళ్ళ అందుకుంటది. ఆయన సరుకు తీస్కపోయే చిట్గుప్ప దారిల అసోంటి దిగుళ్ళు ఇంకా ఉన్నయి. అన్నిట్ల బంద్ చేసుకుంటు పోయినోని ఆవరేజే ఆవరేజ్. చేయనోడు డ్రైవరే కాదు. పొద్దు పొద్దున ఆ దిగుట్ల లారీలు వరుసగ సప్పుడు లేకుండ దిగుతుంటె నేను కూడ చూసిన. చూడనీకే గుండె ఎట్లనో అయితది.

ఒకనాడు ఆయన పొద్దుగూకక ముందే ఇంటికి వచ్చిండు. మొఖం కడుక్కోలే. గడప మీదనే కూసున్నడు. ఏమైందయ్యా అంటె ఏం లేదు అన్నడు. నీళ్ళిస్తె తాగకుండ చెంబు పక్కకు పెట్టిండు. ఆయనంతట ఆయనే చెప్పిండు.

పప్పు బస్తాల లోడుతోని గట్టు దిగుతుండు. ఇంజన్ బంద్. ముందట ఒక ముసలామె కందికట్టెల మోపు నెత్తిన పెట్టుకొని రోడ్డు నడుమ పోతుంది. బండికి సప్పుడు లేదు గద, ఆమెకు ఎట్ల వినబడ్తది? హారన్ కొట్టిండు. ఇంజన్ నడవక బ్యాటరీ ఎండిపోయి ఉంది, హారన్ పిల్లిపిల్ల లెక్క కీసుమన్నది. బ్రేకు తొక్కిండు, లోడుకు అది పట్టలే. నెత్తిన మోపు ఉన్న మనిషి ఎనకకు తిరగలేదు, పక్కకు చూడలేదు. ఆఖరికి ఈయన పక్కకు కోసిండు. తాటిపత్రి కొక్కెం మోపుకు తగిలి, ఆమె గిర్రున తిరిగి కూలబడ్డది. బండి రోడ్డు దిగి చేన్ల ఆగింది. ఈయన ఉరికిపోయి చూస్తె ఆమెకు ఏం కాలే, దేవుని దయ. మోకాలు గీరుకుపోయింది. కట్టెలు రోడ్డంత చెల్లాచెదురు. ఆమె ఈయన మొఖం చూసి ఒక్కటే మాట అన్నదట: "దయ్యం లెక్క వచ్చినవేంది కొడుకా!"

కట్టెలన్ని ఏరి మోపు కట్టి ఈయనే ఆమె నెత్తికి ఎత్తిండట. ఆ ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిండు. మా పెండ్లైనంక ఆయన ఏడుసుడు నేను చూసుడు అదే మొదలు. "తగలలే గద, ఊకో" అన్న. "తగిలి ఉంటె?" అన్నడు. లోపలికి పోయి పొయ్యి ముట్టించిన. ఆయన ఎనకనే వచ్చి, "ఈ ముచ్చట ఎవ్వరికి చెప్పకు" అన్నడు. చెప్పను అన్న.

అప్పటి నుంచి ఆయన ఇంజన్ బంద్ చేయలే. గట్టు రాంగనే చిన్న గేరుకు తెచ్చి, ఇంజన్ మీదనే బండిని ఆపుకుంట మెల్లగ దిగుడు మొదలుపెట్టిండు. ఎనక లారీలోళ్ళు హారన్లు కొట్టుడు, బూతులు తిట్టుడు. ఈయన ఇనకపోతుండె. ఒక్క గట్టే కాదు, దారిల ఉన్న అన్ని దిగుళ్ళల్ల అంతే. ఇంటికి వచ్చి నిమ్మళంగ తింటుండె, నిమ్మళంగ పంటుండె. నాకు కూడ మనసుకు చల్లగ ఉండె. కాని డీజిల్ ఊకుంటదా? ఆవరేజ్ పడిపోయింది. సేట్ మొదలు ఏం అనలే. తర్వాత మిస్త్రీకి నాజిల్ చూపిచ్చిండు. ఇంజన్‌కు డీజిల్ అందిచ్చే పంపు చూపిచ్చిండు. మిస్త్రీ ఇంజన్ల ఏం తప్పు లేదన్నడు. ఇంజన్ల తప్పు లేదంటె ఇగ తప్పు ఎక్కడుంటది? డ్రైవర్ల ఉంటది.

గంజ్ల డీజిల్ తీసుడు కొత్త సంగతి కాదు. రబ్బరు పైపు ఏసి నోటితోని గుంజి డబ్బల నింపుకునుడు, పిండి గిర్నీకి అమ్ముకునుడు, అందరికి తెలిసిందే. దొరికితె సేట్లు తిడుతరు, తీసేస్తరు, ఇంకో సేట్ పెట్టుకుంటడు. కాని మా ఆయన ఎన్నడు చుక్క తీయలే. ఆ ఇమాన్, ఆ నిజాయితి మీదనే ఆయన అంత నిటారుగ నడుస్తుండె.

ఒకనాడు పొద్దుగాల సేట్ దుకాణం ముందటనే, డీజిల్ తీస్తున్నవా అని అడిగిండు. నేను చాట పట్టుకొనే దుకాణం తలుపు కాడికి వచ్చి వింటున్న. హమాలీలు బస్తాలు దించి నిలబడ్డరు. సేట్ చెడ్డోడు కాదు, ఆ మాట కూడ చెప్పాలె. అరవలే. "చూడు డ్రైవర్, నాకు లొల్లి వద్దు. మీ గ్రంథం మీద చెయ్యి పెట్టి నేను తీయలే అని చెప్పు. నమ్ముత. ఇగ ఆ ముచ్చట ఎత్తను" అన్నడు.

గంజ్ల అది రివాజు. తూకంల తేడా వచ్చినా, బస్త తక్కువైనా, ఒట్టు పెడితె ఒడిసింది, లొల్లి అయిపోయినట్టే. హిందువు కర్పూరం ఆర్పుతడు, తురకాయన ఖురాన్ ముట్టుకుంటడు, ఇద్దరు కలిసి చాయ తాగి పోతరు. మా ఆయన కూడ చెయ్యి పెడితె ఆ పొద్దే ఒడిసిపోతుండె. కాని మా మామ ఊరూరు తిరిగి వాక్యం చెప్పినాయన. ఒట్టు పెట్టుకునుడే పాపం అని కొడుకుకు చిన్నప్పటి నుంచి నూరి పోసిండు.

"మేము ఒట్లు పెట్టుకోం సేట్. తీయలే అంటె తీయలే" అన్నడు ఈయన.

అంతే. హమాలీలు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. ఒట్టుకు ఎనక జరిగిండంటె తిన్నట్టే గద అని ఒకాయన మెల్లగ అననే అన్నడు. నా ఒళ్ళు మండిపోయింది. చాట ఇసిరికొట్టి బయటికి పోదామనుకున్న. మా ఆయన మీద కూడ మండింది. దొంగ అన్నోళ్ళ ముందట దేవుని ఆజ్ఞలు చెప్పుకుంట నిలబడ్తడా మనిషి!

సేట్ గడ్డం గోక్కొని, "సరే. రేపు నేనే బండ్ల కూసుంట. టాంకి నిండ పోసి చిట్గుప్ప పోయి వద్దాం. వచ్చినంక మళ్ళ పోసి చూద్దాం. బండే చెప్తది" అన్నడు.

ఆ సాయంత్రం ఇంట్ల నేను ఆయనకు పళ్ళెం పెట్టి ఎదురుగ కూసున్న. "రేపు ఎట్ల నడుపుతవు?" అన్న.

"ఎట్ల అంటె? రోజు నడిపినట్టే. బండి ఎంత తాగితె అంత తాగనీ. సేట్ ముందటనే అంత తాగిందంటె, నేను దొంగను కానట్టే గద."

"ఒకవేళ నువ్వు ఇంజన్ బంద్ చేసి నడిపితె?"

"అప్పుడు ఆవరేజ్ మంచిగ వస్తది. మరి ఇన్ని రోజులు డీజిల్ యాడికి పోయింది అంటడు. నా మెడకు నేనే తాడు ఏసుకున్నట్టు." తినుడు ఆపి నా దిక్కు చూసిండు. "ఏం కాదే. మామూలుగ నడుపుత, అయిపోతది."

"మరి ఎందుకు బంద్ చేస్తలేవని సేట్ అడిగితె?" అన్న నేను. సేట్‌కు బండి సంగతి ఏం తెలుసు, అడగడు అన్నడు. సేట్‌కు పప్పు సంగతే తెలుసు అని నేను కూడ అనుకున్న. అయినా మనసు నిలవక, తెల్లారి షెడ్డుకు పోకుండ బండి కాడికి పోయిన. చిట్గుప్పల మా అక్క ఉన్నది సేట్, చూసి వస్త అన్న. "ఎక్కు, నువ్వెంత బరువున్నవు" అన్నడు సేట్. వాళ్ళిద్దరు ముందట కూసున్నరు. నేను ఎనక పప్పు బస్తాల మీద కూసున్న. క్యాబిన్ ఎనక అద్దం ఎప్పుడో పగిలిపోయింది, వాళ్ళ మాటలు నాకు బాగనే వినబడుతున్నయి.

ఊరు దాటేదాక మంచిగనే పోయింది. సేట్ సోంపు నముల్తుండు, ధారణలు, అంటె బజారు ధరలు, చెప్తుండు, ఈసారి కంది పురుగు తిన్నదని బాధపడుతుండు. గట్టు నెత్తి మీదికి వచ్చినం. మా ఆయన గేరు తగ్గించిండు. ఇంజన్ గట్టిగ మూల్గుకుంట దిగుడు మొదలుపెట్టింది. మా ముందట ఒక లారీ సప్పుడు లేకుండ జారిపోతుంది. ఎనక నుంచి ఇంకోటి హారన్ కొట్టుకుంట మమ్మల్ని దాటిపోయింది, అది కూడ సప్పుడు లేకుండనే.

సేట్ ఆ రెండిటిని చూసిండు. మా ఆయన కాళ్ళ దిక్కు చూసిండు. నవ్వి, "ఏం డ్రైవర్, అందరు ఈడ ఇంజన్ బంద్ చేస్తరు గద. నువ్వు చేస్తలేవేంది? భయమా?" అన్నడు.

మస్కరికే, నవ్వులాటకే అన్నడు. నేను ఖాయంగ చెప్త, ఆయన మనసుల ఏం లేకుండె. భయమే సేట్ అని ఈయన ఒక్క మాట అంటె, ముసలామె ముచ్చట చెప్తె, అక్కడికక్కడ అన్ని చిక్కులు ఇడిపోతుండె. నేను బస్తాల మీద నుంచి ముందుకు వంగి, చెప్పయ్యా, చెప్పు, చెప్పు అని లోపల్లోపలే అనుకుంటున్న. నాకు ఆయన మెడ కనబడుతుంది. చెవుల దాక ఎర్రగ అయింది.

"భయమేంది సేట్" అన్నడు. గేరు తీసి, స్టాపర్ గుంజిండు.

ఇంజన్ సప్పుడు ఆగిపోయింది. గాలి సప్పుడు, తాటిపత్రి సప్పుడు, అంతే. బండి ఉరుకుడు మొదలుపెట్టింది. నేను బస్తా మూతిని రెండు చేతుల పట్టుకున్న. ప్రభువా, రోడ్డు మీద ఎవ్వరు ఉండొద్దు, ఎవ్వరు ఉండొద్దు అని అదే ప్రార్థన. ఎవ్వరు లేరు. అడుగుకు పోయినంక ఆయన గేరు ఏసి క్లచ్ ఇడిసిండు, బండి ఎగిరి ఇంజన్ అందుకున్నది. సేట్ తొడ కొట్టి, "శభాష్! ఇట్ల నడపాలె!" అన్నడు. అప్పుడే నాకు తెలిసిపోయింది ఒడిసిందని. ఆ తర్వాత ప్రతి దిగుట్ల బంద్ చేసిండు. ఒక్కసారి మొదలుపెట్టినంక ఆపితె అడుగుతరు గద. మా అక్క ఇంటికి నేను పోనే లేదు. చిట్గుప్పల దుకాణం అరుగు మీద కూసొని, బస్తాలు దించుడు, కందులు ఎక్కిచ్చుడు చూసుకుంట ఉన్న. ఆయన నా దిక్కు రాలే.

తిరిగి వచ్చినంక పంపు కాడ డీజిల్ పోసిండ్రు. జర పోయంగనే టాంకి మూతి దాక వచ్చేసింది. పంపు మనిషి కూడ, అరె, మస్తు ఆవరేజ్ అన్నడు. సేట్ మొఖం మొదలు వెలిగింది. తర్వాత మెల్లగ వాడిపోయింది. నాకు ఆ మొఖం ఇంకా యాదికున్నది. పట్టుకున్న అని సంబురపడ్డ మొఖం కాదు అది. అయ్యో, నిజమేనా అనుకున్న మొఖం.

"మరి ఇన్ని రోజులు?" అన్నడు.

మా ఆయన టాంకి మూత బిగించుకుంట ఉన్నడు. ఇగ నేను ఆగలే. బస్తాల మీదికెల్లి దుంకి, "సేట్, ఆయన తీయలే. ఒక ముసలామె బండి కింద పడబోయింది. ఆనాటి నుంచి ఇంజన్ బంద్ చెయ్యనీకె భయపడుతుండు. అందుకే ఎక్కువ తాగింది. ఇయ్యాల మీరు అడిగితె షరంకు, సిగ్గుకు చేసిండు" అని గడగడ చెప్పిన.

సేట్ ఆయన దిక్కు తిరిగిండు. "అవునా?"

అంతమంది నడుమ. లారీ డ్రైవర్లు ఉన్నరు, పంపోళ్ళు ఉన్నరు, క్లీనర్లు ఉన్నరు. మా ఆయన నా దిక్కు ఒక్కసారి చూసిండు. కోపం కాదు. బతిమాలినట్టు చూసిండు. "లేదు సేట్. ఆడమనిషి, నన్ను కాపాడనీకి అంటుంది" అన్నడు.

"అంటె తీసినవా?"

"తీసిన."

గంజ్ల మనిషిని తీసేసుడుకు ఎంతసేపు? బండి తాళం సేట్ చేతికి ఇచ్చి ఇంటికి నడిసి వచ్చినం. దారిపొడుగున నేను తిట్టుకుంటనే వచ్చిన. బుద్ధి ఉన్నదా అన్న. చేయని తప్పు నెత్తినేసుకునే పిచ్చోడు దునియల ఉంటడా అన్న. ఇంట్లకు వచ్చి తలుపు దగ్గరికి ఏసినంక ఆయన చెప్పిండు, అలిసిపోయిన గొంతుతోని, మెల్లగ:

"దొంగకు మళ్ళ బండి దొరుకుతదే. అందరు దొంగలే అనుకుంటరు, ఎవ్వడో ఒకడు ఇస్తడు. గట్టుకు భయపడ్డోనికి ఎవ్వడు ఇయ్యడు. ఆ పేరు పడితె ఇగ నేను హమాలి పనికి పోవాలె."

ఆయన అన్నది అబద్ధం అయితె కాదు. అడకత్తెరల పోకచెక్క లెక్క అయింది మా బతుకు. వారం తిరగకముందే గట్టు కింద ఊరు హళ్ళిఖేడ్ నుంచి ఒక బెల్లం సావుకారు మా ఇంటికి వచ్చిండు. అసోంటిదే డీజిల్ పికప్ ఉన్నదట, డ్రైవర్ పారిపోయిండట. అరుగు మీద కూసుండి చాయ తాగుకుంట నవ్విండు. "గంజ్ల సంగతి విన్న. తీసుడు గీసుడు నా దగ్గర నడవది, నేను రోజు కొలుస్త. చెయ్యి మంచిగున్నదని విన్న. గట్ల మీద బండి గుంజుతవు గద? భయం గియం లేదు గద?" అన్నడు. మా ఆయన లేదన్నడు. నేను లోపల నిలబడి విన్న. గోడకు తల కొట్టుకుందామనిపించింది, ఎందుకంటె ఆయన చెప్పిందే నిజమైంది.

ఆ సావుకారు సేట్ అసోంటోడు కాదు, పిసినారి. ఆవరేజ్ తగ్గితె ఆ రోజే లొల్లి. అందుకని మా ఆయన మళ్ళ ఇంజన్ బంద్ చేసుడే మొదలుపెట్టిండు. బీదర్‌కు బెల్లం లోడు, తిరిగి పోయేటప్పుడు ఆ గట్టే. ఇంటికి వస్తె అంగి ఎనకంత తడిసి ఉంటుండె. డీజిల్ వాసనతోని చెమట వాసన కలిసింది. అరచేతులు చూపెట్టమంటె చూపెట్టకపోతుండె. పండుకుంటె ఉలిక్కిపడి లేస్తుండె. నేను ఏమన్న అంటె, గట్టు దాటినంక అన్ని మంచిగనే ఉంటయి అంటుండె.

నన్ను సేట్ పనికెల్లి తీసేయలే. నువ్వేం చేసినవమ్మ అన్నడు. కాని షెడ్డుల పక్కనామె నన్ను చూసి తన సద్ది మూట దగ్గరికి గుంజుకుంటుండె. చర్చికి కూడ సంగతి పోయింది. పోకుండ ఉంటదా? సంఘపెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చి, దొంగతనం ఒప్పుకున్నోడు పశ్చాత్తాపపడే దాక ప్రభు బల్లల, అంటె రొట్టె తీసుకునే కాడ, చెయ్యి పెట్టొద్దు అన్నరు. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం అందరు ముందటికి పోతుంటె, ఈయన ఎనక చాప మీద తల దించుకొని కూసుంటుండె. నేను కూడ పోకపోతుంటి. నువ్వు పో అని కండ్లతోని సైగ చేస్తుండె, నేను చూడనట్టు ఉంటుంటి. నిజం చర్చి అయ్యగారికి చెప్త అని ఎన్నిసార్లు అన్ననో. చెప్తె గంజ్ దాక పోతది, హళ్ళిఖేడ్ దాక పోతది, చెప్పకు అని దండం పెట్టిండు. పెండ్లాం ముందట చేతులు జోడించిన మొగనితోని ఇంక ఏం కొట్లాడుత?

అట్ల చానా రోజులు నడిసింది. తర్వాత మా బిడ్డ పుట్టింది. బిడ్డకు బాప్తిస్మం ఇయ్యాలంటె తండ్రి బల్లల ఉండాలె, అది మా సంఘం పద్ధతి. అయ్యగారు మంచిగనే చెప్పిండు. "సంఘం ముందట ఒప్పుకొని క్షమాపణ అడుగు. అంతే. ప్రభువు క్షమించనిది ఏమున్నది?" అన్నడు. మా ఆయన సరే అన్నడు. నాతోని ఒక్క మాట అనకుండనే సరే అన్నడు.

ఆ ఆదివారం నేను ఆడోళ్ళ దిక్కు చాప మీద బిడ్డను ఒళ్ళె పెట్టుకొని కూసున్న. ఆయన లేసి ముందటికి పోయిండు. ఉతికిన తెల్లంగి. అయినా ఆయన పక్క నుంచి పోతుంటె వాసన వచ్చింది. అయ్యగారి ముందట నిలబడి, మా దిక్కు తిరగకుండనే చెప్పిండు.

"సేట్ దగ్గర డీజిల్ దొంగతనం చేసిన. తప్పయింది. మీరందరు నన్ను క్షమించుండ్రి."

అయ్యగారు ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండు. అందరు ఆమెన్ అన్నరు. పక్కనామె మోచేతితోని పొడిస్తె నేను కూడ అన్న. అంత కోపం నాకు మళ్ళ ఎన్నడు రాలే, దేవుని మీద కూడ వచ్చింది, దాచుడెందుకు.

తర్వాత రొట్టె ఇచ్చిండ్రు. ఆయన మోకాళ్ళ మీద ఉండి ముక్క నోట్లె పెట్టుకున్నడు. ఎక్కెక్కి ఏడ్చిండు. భుజాలు కదులుతుంటె అందరు చూసిండ్రు. కూటం అయినంక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "చూసినవా అమ్మా, ఎంత పశ్చాత్తాపమో. నీ పెనిమిటి మారిండు" అన్నడు. ఆయన కండ్లల్ల కూడ నీళ్ళు ఉన్నయి. పాపం, మంచోడే. అవునయ్యా అన్న.

బయట చెప్పులు ఏసుకుంట మా ఆయన బిడ్డను అందుకున్నడు. "రేపు తెల్లారక ముందే హళ్ళిఖేడ్ల బెల్లం లోడు ఉన్నది. ఈడ దించి మళ్ళ దిగాలె. సద్ది కట్టు" అన్నడు. బిడ్డ బట్టకు ఆయన అరచేతుల చెమట అప్పుడే అంటింది. చర్చిల ఏడ్చింది తప్పు చేసినందుకు అని సంఘమంత అనుకున్నది. రేపు ఆ గట్టు దిగాలె, అందుకు ఏడ్చిండు మా ఆయన.